లాసెట్ రాస్తున్నారా? ర్యాంకు ఒక్కటే చాలదు.. కోనసీమ విద్యార్థులు ముందే చూసుకోవాల్సినవి ఇవీ

అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో 'లా చదువుదాం' అనుకునేవారు మూడు రకాలుగా కనిపిస్తారు. ఇంటర్ కాగానే ఐదేళ్ల కోర్సులో చేరాలనుకునేవారు. డిగ్రీ అయ్యాక మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ వైపు చూసేవారు. ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటూ, ఎప్పటికైనా నల్లకోటు వేసుకోవాలనే కోరిక ఉన్నవారు. రాష్ట్రంలోని లా కాలేజీల్లో కన్వీనర్ కోటా సీటు కావాలంటే ఈ ముగ్గురికీ దారి ఒక్కటే: ఏపీ లాసెట్.

ఈ పరీక్షలో అర్హత సాధించడం పెద్ద కష్టం కాదు. 120 మార్కులకు 35 శాతం, అంటే 42 మార్కులు వస్తే చాలు. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు ఆ కనీస మార్కుల నిబంధన కూడా లేదు. అసలు చిక్కులు రెండు చోట్ల ఉన్నాయి. సగం మార్కులున్న పార్ట్-సిని తేలిగ్గా తీసుకోవడం మొదటిది. ర్యాంకు వచ్చాక అర్హత దగ్గరో, సర్టిఫికెట్ల దగ్గరో ఆగిపోవడం రెండోది. ముందే చూసుకుంటే రెండింటినీ తప్పించుకోవచ్చు.

లాసెట్టా, క్లాటా?

రెండూ వేర్వేరు పరీక్షలు. అనకాపల్లి జిల్లా సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో ఐదేళ్ల కోర్సు చదవాలంటే క్లాట్ రాయాలి. అది ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. తప్పు జవాబుకు పావు మార్కు కోత పడుతుంది.

రాష్ట్రంలోని యూనివర్సిటీ లా కాలేజీలు, వాటి అనుబంధ కాలేజీల్లో మూడేళ్ల, ఐదేళ్ల ఎల్‌ఎల్‌బీకి లాసెట్ రాయాలి. రాష్ట్ర ఉన్నత విద్యామండలి తరఫున ఏదో ఒక విశ్వవిద్యాలయం దీన్ని నిర్వహిస్తుంది. ప్రశ్నలు తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ ఉంటాయి. నెగెటివ్ మార్కులు లేవు. తెలుగు మీడియంలో చదువుకున్నవారికి ఇది కలిసొచ్చే విషయం.

ఎవరు రాయొచ్చు?

మూడేళ్ల కోర్సుకు ఏదైనా డిగ్రీ, ఐదేళ్ల కోర్సుకు ఇంటర్ లేదా దానికి సమానమైన చదువు ఉండాలి. వాటిలో ఓసీలకు 45 శాతం, బీసీలకు 42 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం మార్కులు తప్పనిసరి. చివరి సంవత్సరం చదువుతున్నవారు కూడా దరఖాస్తు చేయవచ్చు. అయితే కౌన్సెలింగ్ నాటికి పాసైనట్టు మార్కుల మెమో చూపించాలి. గరిష్ఠ వయసు పరిమితి లేదు కాబట్టి నలభై దాటినవారు కూడా నిరభ్యంతరంగా రాయొచ్చు.

చాలామంది చూసుకోని నిబంధన ఒకటి ఉంది. పదో తరగతి, ఇంటర్ చదవకుండా ఓపెన్ యూనివర్సిటీలో నేరుగా డిగ్రీ చేసినవారికి బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నిబంధనల ప్రకారం లా కోర్సుకు అర్హత లేదు. పది, ఇంటర్ పూర్తిచేసి ఆ తర్వాత దూరవిద్యలో డిగ్రీ చేసినవారికి ఈ ఇబ్బంది ఉండదు. చదువు మధ్యలో ఆపేసి, తర్వాత ఓపెన్ డిగ్రీ చేసినవారు ఫీజు కట్టేముందే ఈ సంగతి తేల్చుకోవాలి. లేదంటే ర్యాంకు వచ్చినా సీటు రాదు.

ప్రశ్నపత్రం ఎలా ఉంటుంది?

మొత్తం 120 ప్రశ్నలు, 90 నిమిషాలు. అంటే ఒక్కో ప్రశ్నకు 45 సెకన్లు. పార్ట్-ఏలో జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ 30 మార్కులకు, పార్ట్-బిలో వర్తమాన అంశాలు 30 మార్కులకు ఉంటాయి. పార్ట్-సిలో న్యాయవిద్య పట్ల అభిరుచిని 60 మార్కులకు పరీక్షిస్తారు. ఇందులో చట్టాల ప్రాథమిక పరిజ్ఞానం, రాజ్యాంగ మౌలిక సూత్రాలు వస్తాయి. ఇద్దరికి ఒకే మార్కులు వస్తే ముందుగా పార్ట్-సి మార్కులే చూస్తారు. కాబట్టి మీకు రోజుకు రెండు గంటలే దొరికితే, అందులో ఒక గంట పార్ట్-సికే ఇవ్వండి.

మన చుట్టూ ఉన్నవాటితోనే చట్టం

న్యాయసూత్రాలు బట్టీ పడితే నాలుగు రోజుల్లో మరిచిపోతాం. తెలిసిన విషయానికి ముడిపెట్టుకుంటే గుర్తుంటాయి. కోనసీమవారికి అలాంటివి వెతుక్కోవాల్సిన పని లేదు.

పక్కింటి కొబ్బరిచెట్టు మట్టలు మీ దొడ్లోకి వాలాయనుకోండి. మీ హద్దులోకి వచ్చినంత వరకు వాటిని కొట్టుకోవచ్చు. కానీ ఆ చెట్టు నుంచి మీ దొడ్లో రాలిన కాయ మాత్రం చెట్టు యజమానిదే. ఇది టార్ట్ చట్టంలో న్యూసెన్స్ కిందికి వచ్చే సూత్రం.

పదిహేడేళ్ల కుర్రాడు రొయ్యల చెరువు లీజుకు తీసుకుంటూ ఒప్పందంపై సంతకం పెట్టాడు. ఆ ఒప్పందం చెల్లుతుందా? చెల్లదు. మైనరు చేసుకున్న ఒప్పందం మొదటి నుంచీ చెల్లనిదేనని మొహరీ బీబీ కేసులో 1903లోనే ప్రీవీ కౌన్సిల్ తేల్చింది. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో ప్రతిపాదన, అంగీకారం, ప్రతిఫలం, మైనారిటీ అనే నాలుగు అంశాలు గట్టిగా చదివితే చాలా ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది.

1995లో పాశర్లపూడి గ్యాస్ బావి బ్లోఅవుట్ మంటలు రెండు నెలలకు పైగా ఆరలేదు. 2014 జూన్ 27న నగరంలో గ్యాస్ పైపులైన్ పేలి 20 మందికి పైగా చనిపోయారు. ఇలాంటి ప్రమాదాల గురించి చట్టం ఏమంటుందో తెలియాలంటే రెండు తీర్పులు చదవాలి. ప్రమాదకరమైన వస్తువును తన స్థలంలో ఉంచుకున్నవాడు, అది బయటపడి జరిగే నష్టానికి బాధ్యుడని 1868లో ఇంగ్లండ్‌లో రైలాండ్స్ కేసు చెప్పింది. అయితే ప్రకృతి వైపరీత్యం వంటి కొన్ని మినహాయింపులు ఇచ్చింది. 1985లో ఢిల్లీలో ఓలియం గ్యాస్ లీకైన ఎం.సి.మెహతా కేసులో మన సుప్రీంకోర్టు ఒకడుగు ముందుకు వేసింది. ప్రమాదకర పరిశ్రమలకు ఆ మినహాయింపులు కూడా వర్తించవంది. మొదటిది కఠిన బాధ్యత, రెండోది సంపూర్ణ బాధ్యత. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి.

రాజ్యాంగం కూడా ఇంతే. అమలాపురం లోక్‌సభ స్థానం ఎస్సీ రిజర్వుడు. దానికి ఆధారం 330వ అధికరణం. అమలాపురం, రాజోలు, పి.గన్నవరం అసెంబ్లీ స్థానాలు కూడా ఎస్సీ రిజర్వుడే. వాటికి ఆధారం 332. మీ ఊరి పంచాయతీకి రాజ్యాంగ హోదా 73వ సవరణతో వచ్చింది. అది 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లో ఉంది. లోక్‌సభ తొలి దళిత స్పీకర్ జీఎంసీ బాలయోగి కోనసీమవారే. ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లా చదివి కాకినాడలో ప్రాక్టీసు చేశారు. 1998 నుంచి 2002లో మరణించే వరకు స్పీకర్‌గా ఉన్నారు.

ప్రాథమిక హక్కులు, ఆదేశిక సూత్రాలు, ప్రాథమిక విధులు, రిట్లు, రాష్ట్రపతి, పార్లమెంటు, సుప్రీంకోర్టు, హైకోర్టు, ముఖ్యమైన సవరణలు.. ఈ వరుసలో చదవండి. రోజుకు పది అధికరణాల చొప్పున రాసుకుంటూ వెళ్తే చాలు.

పాత గైడ్లతో జాగ్రత్త

2024 జులై 1 నుంచి మూడు కొత్త నేర చట్టాలు అమల్లోకి వచ్చాయి. ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్యాధారాల చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చాయి. ఐపీసీలో 511 సెక్షన్లుంటే న్యాయ సంహితలో 358 ఉన్నాయి.

హత్యకు శిక్ష అంటే 302 అని మనకు నాలుక మీద ఉంటుంది. ఇప్పుడది 103. మోసానికి '420' అనేది వాడుకలో తిట్టుగానే మిగిలింది, కొత్త చట్టంలో అది 318. '144 పెట్టారు' అంటుంటాం. ఇప్పుడా అధికారం 163వ సెక్షన్‌లో ఉంది. అన్నయ్యో సీనియరో ఇచ్చిన గైడ్ 2024కు ముందుదైతే రాజ్యాంగం, కాంట్రాక్టు, టార్ట్ భాగాల వరకే వాడుకోండి. నేర చట్టాలకు కొత్త పుస్తకం కొనండి.

జీకే, వర్తమానం ఎలా?

రోజూ ఒక తెలుగు దినపత్రికను అరగంట చదివి, సుప్రీంకోర్టు తీర్పులు, కొత్త చట్టాలు, నియామకాలు, అవార్డులు, రాష్ట్ర వార్తలను ఒక నోట్‌బుక్‌లో తేదీతో రాసుకోండి. పరీక్షకు ముందు ఏడాది కాలం మీద దృష్టి పెడితే చాలు. మెంటల్ ఎబిలిటీకి శ్రేణులు, కోడింగ్, రక్తసంబంధాలు, దిక్కులు సాధన చేయండి. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదలొద్దు. చివరి ఐదు నిమిషాలు మిగిలిన వాటిని గుర్తించడానికే ఉంచుకోండి.

ఇది కంప్యూటర్‌పై రాసే పరీక్ష. మౌస్ అలవాటు లేనివారు ఫోన్‌లో కాకుండా ఏదైనా నెట్ సెంటర్‌లోనో, కాలేజీ ల్యాబ్‌లోనో కూర్చుని కనీసం నాలుగైదు మాక్ టెస్టులు 90 నిమిషాల గడియారం పెట్టుకుని రాయండి.

పరీక్ష రోజు ప్రయాణం

దరఖాస్తులో పరీక్ష కేంద్రాలు ఎంచుకునేటప్పుడు దగ్గరి ఊరును మొదట పెట్టండి. ఆలస్యంగా దరఖాస్తు చేస్తే దగ్గరి కేంద్రాలు నిండిపోయే అవకాశం ఉంది. నిమిషం ఆలస్యమైనా లోపలికి పంపరు. కాబట్టి సఖినేటిపల్లి పంటు మీద ఆధారపడేవారు, లంక గ్రామాల నుంచి వచ్చేవారు గంటకు పైగా అదనపు సమయం పెట్టుకుని బయల్దేరాలి. వీలైతే ముందురోజే ఆ ఊళ్లో బంధువుల ఇంటికి చేరుకోవడం మేలు.

ర్యాంకు వచ్చాక..

కౌన్సెలింగ్ ఆన్‌లైన్‌లోనే జరుగుతుంది. సర్టిఫికెట్లు స్కాన్ చేసి అప్‌లోడ్ చేస్తే పరిశీలిస్తారు. ఆ తర్వాత కాలేజీలకు ఆప్షన్లు పెట్టుకోవాలి.

సీట్లలో 85 శాతం స్థానికులకు దక్కుతాయి. కోనసీమ ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిధిలోకి వస్తుంది. అర్హత పరీక్షతో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఈ పరిధిలో చదివి ఉండాలి. ఇంటర్, డిగ్రీ హైదరాబాద్‌లో చదివినవారు స్థానికత విషయంలో ఆ ఏడాది నోటిఫికేషన్‌ను జాగ్రత్తగా చదవాలి. సొంతూరు ఇక్కడే అయినంత మాత్రాన స్థానికులు అయిపోరు.

టెన్త్ మెమో, ఇంటర్, డిగ్రీ మెమోలు, ప్రొవిజనల్ సర్టిఫికెట్, స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ సిద్ధంగా పెట్టుకోండి. ఈడబ్ల్యూఎస్ కోటా వాడుకునేవారి సర్టిఫికెట్ ఆ ఆర్థిక సంవత్సరానిదే అయి ఉండాలి. పాతది చెల్లదు. సచివాలయంలో దరఖాస్తు చేసుకుని చేతికొచ్చేవరకు కొన్ని రోజులు పడుతుంది. జులై, ఆగస్టుల్లో గోదావరికి వరదొస్తే లంక గ్రామాలకు రాకపోకలే ఆగిపోతాయి. కాబట్టి పరీక్ష రాసిన వారంలోనే ఈ పని మొదలుపెట్టండి. అన్నింటినీ స్కాన్ చేసి ఫోన్‌లో, మెయిల్‌లో రెండు చోట్లా దాచుకోండి.

కాలేజీకి రోజూ వెళ్లగలరా?

ఆప్షన్లు పెట్టేముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఇది. కొత్తపేటవారికి రావులపాలెం మీదుగా రాజమహేంద్రవరంలోని జీఎస్‌కేఎం లా కాలేజీ దగ్గర. రాజోలువారికి చించినాడ వంతెన దాటి, పాలకొల్లు మీదుగా భీమవరం డీఎన్‌ఆర్ లా కాలేజీ అనువు. ఏలూరులో సర్ సీఆర్ రెడ్డి లా కాలేజీ, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం న్యాయ కళాశాల ఉన్నాయి. ఆ రెండు చోట్లా చేరితే హాస్టలో, అద్దె గదో తప్పదు. బార్ కౌన్సిల్ అనుమతి ఆ ఏడాదికి ఉందో లేదో కౌన్సెలింగ్ జాబితాలో చూసుకోండి.

'కాలేజీకి రాకపోయినా ఫర్వాలేదు' అని ఎవరైనా చెబితే నమ్మొద్దు. ప్రతి సబ్జెక్టులో 70 శాతం హాజరు ఉండాలని బార్ కౌన్సిల్ నిబంధన. దూరవిద్యలో చేసిన ఎల్‌ఎల్‌బీతో న్యాయవాదిగా నమోదు కాలేరు. ఉద్యోగంలో ఉన్నవారు సెలవు, అనుమతి సంగతి తేల్చుకున్నాకే ఫీజు కట్టాలి.

పట్టా వచ్చాక ఎంత ఖర్చు, ఎంత కాలం?

న్యాయవాదిగా నమోదుకు ఓసీ, బీసీలకు 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలకు మించి నమోదు ఫీజు తీసుకోకూడదని సుప్రీంకోర్టు 2024 జులై 30న తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత ప్రాక్టీసు కొనసాగించాలంటే అఖిల భారత బార్ పరీక్ష పాస్ కావాలి. జూనియర్ సివిల్ జడ్జి పోస్టు లక్ష్యమైతే మరో విషయం గుర్తుంచుకోవాలి. కనీసం మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి అని 2025 మే 20న సుప్రీంకోర్టు చెప్పింది. అంటే మూడేళ్ల కోర్సు చదివినవారికైనా చేరిన రోజు నుంచి కనీసం ఆరేళ్ల ప్రయాణం. ఇంట్లోవాళ్లతో ఈ లెక్క ముందే మాట్లాడుకోండి.

ఈ వారం చేయాల్సిన పనులు మూడే. మీ మార్కుల శాతం, చదివిన వరుస సరిపోతాయో చూసుకోండి. కుల, ఆదాయ పత్రాలు ఏ సంవత్సరానివో బయటికి తీసి చూడండి. రాజ్యాంగంపై ఒక తెలుగు పుస్తకం తెచ్చుకుని ప్రాథమిక హక్కుల అధ్యాయం మొదలుపెట్టండి. నోటిఫికేషన్ వచ్చేనాటికి మీరు సగం దూరం వెళ్లి ఉంటారు.