బ్రౌజర్లు బోలెడు, ఇంజిన్లు మూడే

ఫోన్‌లో క్రోమ్ ఉంటుంది, ఎడ్జ్ వేసుకోవచ్చు, ఒపెరా, బ్రేవ్ కూడా వేసుకోవచ్చు. నాలుగూ వేరు అనుకుంటాం. కానీ ఆండ్రాయిడ్‌లో ఈ నాలుగింటి లోపలా ఉన్నది ఒకటే ఇంజిన్, బ్లింక్. వెబ్ పేజీ అంటే నిజానికి ఒక టెక్స్ట్ ఫైల్. దాన్ని చదివి, ఏ అక్షరం స్క్రీన్ మీద ఎక్కడ పడాలో లెక్కేసి గీసేది రెండరింగ్ ఇంజిన్. పైనున్న బటన్లు, బుక్‌మార్కులు మాత్రమే ఎవరివి వాళ్లవి.

దీని వంశవృక్షం చిన్నదే. కేడీఈ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టువాళ్లు రాసిన కేహెచ్‌టీఎంఎల్‌ని తీసుకుని ఆపిల్ వెబ్‌కిట్ చేసింది, 2003లో సఫారీ తెచ్చింది. 2008లో క్రోమ్ కూడా వెబ్‌కిట్‌తోనే వచ్చింది. 2013లో గూగుల్ విడిపోయి తన కాపీకి బ్లింక్ అని పేరు పెట్టుకుంది. మైక్రోసాఫ్ట్ సొంత ఇంజిన్ వదిలేసి 2020లో ఎడ్జ్‌ని ఇటే తెచ్చింది. ఫైర్‌ఫాక్స్‌ది మాత్రం గెకో. మనం ల్యాబ్‌లో వాడే వీఎస్ కోడ్ లోపల ఉన్నది కూడా క్రోమియమే, అందుకే ర్యామ్ అంత తింటుంది!

ఇందులో తెలుగు సంగతేంటి? ‘మార్కాపురం’ అని టైప్ చేయండి. కంటికి నాలుగు అక్షరాలు, మెమరీలో పది కోడ్‌లు. మధ్యలో ‘ర్కా’ చూడండి: ర, పొల్లు, క, దీర్ఘం అనే వరుసలో వెళ్తాయి. స్క్రీన్ మీద మాత్రం దీర్ఘం ర మీదికి ఎక్కుతుంది, క వత్తుగా కిందికి దిగుతుంది. మార్కాపురం పలక మీద రాస్తే ఈ సర్దుబాటు మన చెయ్యే చేసేస్తుంది. కంప్యూటర్‌లో ఆ పనిని షేపింగ్ అంటారు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్, లిబ్రేఆఫీస్ అన్నీ దానికి హార్ఫ్‌బజ్ అనే ఒకే లైబ్రరీని వాడతాయి. అక్కడ ఒక్కసారి సరిచేస్తే ‘గిద్దలూరు’లో ద వత్తు ఇన్నింటిలోనూ సరిగ్గా పడుతుంది. తెలుగు కోసం ప్రతి కంపెనీ విడిగా కూర్చుని ఈ పని చేస్తుందని నాకైతే నమ్మకం లేదు. పంచుకోవడం వల్లే మనకి ఈ మాత్రం దక్కింది.

కానీ తప్పు కూడా పంచుకుంటారు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ ఐఫోన్లని పడగొట్టింది, గుర్తుందా? మామూలు జ్ఞా కాదు. జ, పొల్లు, ఞ, తర్వాత కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్, ఆపైన దీర్ఘం. ఈ వరుస వస్తే ఆపిల్ వారి కోర్‌టెక్స్ట్ తడబడేది. మెసేజెస్, వాట్సాప్, సఫారీ అన్నీ అక్షరాలు గీయడానికి కోర్‌టెక్స్ట్ దగ్గరికే వెళ్తాయి కాబట్టి అన్నీ క్రాష్ అయ్యాయి. బ్రౌజర్ మార్చినా లాభం లేదు, ఐఫోన్‌లో అప్పుడు క్రోమ్ కూడా లోపల వెబ్‌కిట్టే. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 వచ్చాకే సర్దుకుంది. ప్రపంచమంతా మన అక్షరాన్ని తిట్టింది, పాపం దాని తప్పేం లేదు.

ఆండ్రాయిడ్ వంతు 2021 మార్చిలో వచ్చింది. యాప్‌లు లోపల వెబ్ పేజీలు చూపించడానికి వాడే సిస్టమ్ వెబ్‌వ్యూ కూడా క్రోమియం ముక్కే. దాని అప్‌డేట్ ఒకటి తేడా కొట్టడంతో జీమెయిల్ సహా ఎన్నో యాప్‌లు తెరవగానే మూసుకుపోయాయి. ఫోన్ పాడైందని షాపుకి పట్టుకెళ్లినా తప్పు పట్టలేం, ఎందుకంటే వెబ్‌వ్యూ అనేది ఐకాన్ కూడా కనిపించని యాప్. ఇంట్లోవాళ్ల ఫోన్‌లో యాప్‌లన్నీ ఒకేసారి మొరాయిస్తే రీసెట్ కొట్టే ముందు ప్లే స్టోర్‌లో ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ అని వెతికి, దాన్నీ క్రోమ్‌నీ అప్‌డేట్ చేసి చూడండి.