భిలాయి: నిర్మాణ కౌశలమున స్వావలంబన

కర్మాగారమైనను, విమానాశ్రయమైనను నేలపై వెలయుటకు పూర్వమే కాగితముపై రూపొందవలెను. నేల గట్టిదనము, నీటి వసతి, గాలి వీచు దిక్కు, భావి విస్తరణకు వలయు స్థలము పరిశీలించి సమగ్రమైన నమూనాలు సమకూర్చుటయే సలహా ఇంజనీర్ల కర్తవ్యము. విమానాశ్రయమున గాలి దిశను బట్టి రన్‌వేను అమర్చుదురు. ఉక్కు కర్మాగారమున ముడిసరుకుల రాకను బట్టి కొలుములకు స్థానము నిర్ణయింతురు.

నేటి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములోని భిలాయి ఇందుకు నిదర్శనము. రాజహరా ఇనుప ఖనిజము, నందిని సున్నపురాయి, బొంబాయి–కలకత్తా రైలుమార్గము దానికి అందుబాటులో నున్నవి. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒడంబడిక కుదిరినది. 10 లక్షల టన్నుల ఉక్కు ఉత్పత్తికి నమూనాలను సోవియట్ నిపుణులు రచించిరి. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిరి.

అయితే ప్రతి విస్తరణకును పరదేశముల వైపు చూడవలసి వచ్చినచో, కర్మాగారము మనదైనను దానిని నిర్మించు విద్య మనది కాజాలదు. ఈ కొరత తీర్చుటకై 1959లో హిందుస్థాన్ స్టీల్ సంస్థ కేంద్ర ఇంజనీరింగ్, డిజైన్ విభాగమును ఏర్పరచినది. రాంచీ కేంద్రముగా పనిచేసిన ఆ విభాగమే 1973లో ‘మెకాన్’ అను ప్రత్యేక సంస్థ అయినది. భిలాయి సామర్థ్యమును 40 లక్షల టన్నులకు పెంచిన విస్తరణ రూపకల్పనలో భారతీయ ఇంజనీర్లు ముఖ్య బాధ్యత వహించిరి.

భిలాయిలో తెలుగువారితో సహా నానా రాష్ట్రముల వారు కలసి పనిచేయుచున్నారు. వారి మాతృభాషలు వేరైనను, ఇంజనీరు గీసిన నమూనా అందరికిని ఒక్కటే. దానిని చదువుట నేర్చిన జాతి, స్వయముగా గీయుటయు నేర్చినపుడే స్వావలంబన సంపూర్ణమగును.