హ్యామర్ ఎడిటర్‌లో వెలుగు అమరిక

హ్యామర్ ఎడిటర్ అనేది వాల్వ్ సంస్థ రూపొందించిన సోర్స్ ఇంజనుతో నడిచే ఆటలకు మ్యాపులను తయారుచేసే సాఫ్టువేరు. 1996లో బెన్ మోరిస్ దీనిని క్వేక్ ఆట కొరకు వరల్డ్‌క్రాఫ్ట్ అనే పేరుతో తయారుచేశాడు. తరువాత వాల్వ్ సంస్థ దీనిని సొంతం చేసుకొని పేరు మార్చింది. 2004లో వెలువడిన హాఫ్-లైఫ్ 2 మ్యాపులు దీనితోనే నిర్మించబడ్డాయి. ఈ ఎడిటర్‌లో గదులను కట్టడం ఎంత ముఖ్యమో, వాటిలో వెలుగును అమర్చడం కూడా అంతే ముఖ్యం.

వెలుగును లెక్కించే విధానం

గోడలు, నేల వంటి కదలని భాగాలపై పడే వెలుగును చాలావరకు మ్యాపును కంపైల్ చేసే సమయంలోనే లెక్కిస్తారు. ఇందులో మూడు దశలు ఉన్నాయి. వీబీఎస్‌పీ అనే ప్రోగ్రాము నిర్మాణాన్ని చిన్న భాగాలుగా విభజిస్తుంది. ఏ భాగం నుండి ఏ భాగం కనిపిస్తుందో వీవిస్ నిర్ణయిస్తుంది. దీపాల నుండి నేరుగా వచ్చే కాంతిని, గోడలపై పడి తిరిగి చెదిరే కాంతిని వీర్యాడ్ లెక్కించి లైట్‌మ్యాపులలో భద్రపరుస్తుంది. ఈ పద్ధతిని రేడియోసిటీ అంటారు. ఎర్రని గోడ పక్కనున్న తెల్లని నేలపై లేత ఎరుపు ఛాయ కనిపించడానికి ఇదే కారణం.

దీపాల రకాలు

* లైట్: అన్ని దిక్కులకూ కాంతిని ప్రసరింపజేస్తుంది.
* లైట్_స్పాట్: శంఖువు ఆకారంలో ఒకే దిశకు కాంతిని పంపుతుంది.
* లైట్_ఎన్విరాన్‌మెంట్: సూర్యకాంతిని లేదా వెన్నెలను ఇస్తుంది. ఈ కాంతి ఆకాశపు టెక్స్చర్ వేసిన తలాల నుండే లోనికి వస్తుంది.

దీపపు వెలుగును నాలుగు సంఖ్యలతో సూచిస్తారు. మొదటి మూడు ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల పాళ్ళు (0 నుండి 255 వరకు), నాలుగవది తీవ్రత.

మంచి అమరిక లక్షణాలు

ప్రతి వెలుగుకూ బల్బు, కిటికీ వంటి ఆధారమేదో ఆటగాడికి కనిపించాలి. గదినంతటినీ సమానమైన తెల్లని కాంతితో నింపితే నీడలు నశించి, వస్తువుల ఆకారం తెలియదు. ఎండకు లేత పసుపును, నీడకు లేత నీలాన్ని ఇస్తే ఆరుబయలు సహజంగా ఉంటుంది. చూపు సహజంగా వెలుగు వైపు మళ్ళుతుంది కనుక, వెళ్ళవలసిన ద్వారం వద్ద కొంత ఎక్కువ వెలుగు ఉంచితే ఆటగాడు దారి తప్పడు. పలువురు కలిసి ఆడే మ్యాపులలో కటిక చీకటి మూలలు ఉంటే, అక్కడ దాగినవారికి అనుచితమైన లాభం కలుగుతుంది.

నీడల స్పష్టత లైట్‌మ్యాపు స్కేలుపై ఆధారపడి ఉంటుంది. దీని సాధారణ విలువ 16. దానిని 8కి తగ్గిస్తే నీడల అంచులు స్పష్టమవుతాయి. కానీ లెక్కించవలసిన బిందువులు నాలుగు రెట్లవుతాయి, ఫైలు పరిమాణం కూడా పెరుగుతుంది. కాబట్టి అవసరమైన తలాలకు మాత్రమే ఈ విలువను తగ్గించాలి.

సాధారణంగా ఎదురయ్యే లోపాలు

మ్యాపులో ఎక్కడైనా బయటి శూన్యంలోకి రంధ్రం ఉంటే దానిని లీక్ అంటారు. అప్పుడు వీవిస్ పనిచేయదు. ఆ సమాచారం లేనందున వీర్యాడ్ నేరుగా పడే కాంతిని మాత్రమే లెక్కిస్తుంది. ఫలితంగా గదులు అసహజంగా చీకటిగా కనిపిస్తాయి. ఇటువంటప్పుడు దీపాల తీవ్రతను పెంచడం పొరపాటు. మ్యాప్ మెనూలోని లోడ్ పాయింట్‌ఫైల్ ద్వారా కనిపించే ఎర్రని గీతను అనుసరించి రంధ్రాన్ని కనుగొని, ముందుగా దానిని మూయాలి. వీర్యాడ్ దశను నడపకపోతే మ్యాపు అంతా నీడలు లేకుండా ఒకే వెలుగుతో కనిపిస్తుంది.