సంతానమును గోరువారు దినము లెట్లు లెక్కింపవలెను?

వివాహమైన రెండవ యేఁడు గడచునప్పటికి మన యిండ్లలో కోడలిని జూచువారందఱు నొకటే ప్రశ్న వేయుదురు. దానికి ప్రత్యుత్తర మీయలేక తలవంచుకొను యువతి మన వీథికొకతె యుండక మానదు. సోదరీమణులారా, వారి నిమిత్తమే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నారము. ఇది సిగ్గుపడవలసిన విషయము కాదు, తెలిసికొనవలసిన విషయము.

మేము నివసించు సికిందరాబాదు 1966 నుండి దక్షిణమధ్య రైల్వేకు ముఖ్యస్థానము. ఇచ్చట రైలు కొలువుల కుటుంబము లెక్కువ. మా పొరుగింటి కోడలి భర్త రైలింజను నడుపువాఁడు; నెలలో సగము దినములు పై యూళ్లలోనే గడపును. ఆమె యొకనాఁడు మా యింటికి వచ్చి, “పిన్నిగారూ, పదునాలుగవ నాఁడు మంచిదని యందఱును జెప్పిరి. వారు పదవ నాఁడు వచ్చి పదునాలుగవ నాఁటివఱకు నుండి వెళ్లుచున్నారు. ఏడాదిన్నర యైనది. అత్తగారు నాతో మాటలాడుటయే మానినారు” అని కన్నీరు పెట్టుకొన్నది. “అమ్మా, నీకు బహిష్టు ఎన్ని దినముల కొకసారి వచ్చును?” అని మే మడిగితిమి. “ముప్పదిమూఁడు దినములకు” అని చెప్పినది. చిక్కు అక్కడనే యున్నది.

చిన్ననాఁడు మా తండ్రిగారియొద్ద మేము చదివిన గ్రంథములలో ఋతుకాలపు లెక్క కలదు. బహిష్టు మొదలు పదునాఱు రాత్రులని మనుస్మృతియు, పండ్రెండు రాత్రులని సుశ్రుతసంహితయు జెప్పును. నెలలో కొన్ని దినములే గర్భమున కనుకూలమని పూర్వులు గ్రహించుట గొప్పయే. కాని యీ లెక్కలు ముందునుండి యెంచినవి. 1924లో జపానుదేశపు వైద్యుఁడు ఒగినోయు, తరువాత ఆస్ట్రియాదేశపు వైద్యుఁడు క్నౌసును వేఱువేఱుగ పరిశీలించి, రాబోవు బహిష్టునుండి వెనుకకు లెక్కింపవలెనని చూపిరి. అండము విడుదలైన పిమ్మట బహిష్టు వచ్చుటకు సుమారు 14 దినములు పట్టును. స్త్రీకిని స్త్రీకిని ఎక్కువగా మాఱునది దానికి ముందటి భాగము.

కావున 28 దినముల కొకసారి బహిష్టగు స్త్రీకి సుమారు 14వ నాఁడు, 24 దినములదానికి 10వ నాఁడు, 33 దినములదానికి 19వ నాఁడు అండము విడుదలగును. మా పొరుగింటి కోడలికి మనువు చెప్పిన పదునాఱు రాత్రులును గడచిన పిమ్మటనే విడుదల యగుచున్నది!

విడుదలైన అండము ఒక దినమునకు మించి జీవింపదు. పురుషబీజము మాత్రము స్త్రీశరీరమున అయిదు దినములవఱకు నిలువఁగలదు. 1995లో ప్రకటింపఁబడిన అమెరికా పరిశోధన యొకటి 221 స్త్రీలను పరిశీలించి, అండము విడుదలైన దినము, దానికి ముందటి అయిదు దినములు, ఈ యాఱు దినములలోని కలయికవలననే గర్భము కలిగినదని తేల్చినది. ఆ కోడలికి 14 మొదలు 19 వఱకు తగిన దినములు. భర్త బయలుదేఱు నాఁడే యవి మొదలగుచున్నవి.

బహిష్టు ఒక నెల ముందును, ఒక నెల వెనుకయు వచ్చువారికి లెక్క యొక్కటియే చాలదు. శరీరమే కొన్ని గుఱుతులు చూపును. అండము విడుదలగుటకు ముందు స్రావము పలుచనై, జాఱుచు, తీఁగవలె సాగును. మేము శాకాహారులమైనను కోడిగ్రుడ్డు తెల్లసొన యనుటకంటె తగిన యుపమానము తోఁచలేదు. దుర్వాసనయు దురదయు నున్న నది వ్యాధి; వైద్యురాలికి జూపవలెను. రెండవది, ప్రాతఃకాలమున పడకనుండి లేవకమునుపే థర్మామీటరుతో చూచుకొనిన, అండము విడుదలైన పిదప వేఁడి సుమారు అర డిగ్రీ ఫారెన్‌హీటు పెరిగి బహిష్టువఱకు నిలుచును. ఇది గడచినదానిని దెలుపును గాని రాబోవుదానిని దెలుపదు. రెండు మూఁడు నెలలు వ్రాసికొనిన తమ క్రమము తమకు దెలియును. మూఁడవది, మందుల దుకాణములలో నమ్ము పరీక్షాపట్టి. మూత్రములో ఎల్.హెచ్. అను హార్మోను హెచ్చినప్పుడు పట్టిపై రెండవ గీత మొదటిదానియంత ముదురుగా గనఁబడును. తరువాత ఒకటి రెండు దినములలో అండము విడుదలగును. పీసీఓడీ గలవారికి ఈ పట్టి తప్పు చూపవచ్చును.

సరి రాత్రుల కొడుకు, బేసి రాత్రుల కూఁతురు కలుగునను పాతమాటను విడువుఁడు. శిశువు ఆడయో మగయో నిర్ణయించునది తండ్రి బీజమే. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధకబృందము 1945లో అమెరికాలో తయారుచేసిన ఫోలిక్ ఆమ్లమును, గర్భము నిలువకముందునుండియే దినమునకు 400 మైక్రోగ్రాములు పుచ్చుకొనిన శిశువు వెన్నుపామునకు మేలు. వైద్యురాలి నడిగి మొదలిడుఁడు.

ఏడాది ప్రయత్నించినను ఫలింపనిచో, 35 ఏండ్లు దాఁటినవారైన ఆఱు నెలలకే, వైద్యునియొద్దకు వెళ్లవలెను. బహిష్టు 21 దినములలోపుగాని 35 దినములు దాఁటిగాని వచ్చువారు అంతవఱకును ఆఁగనక్కఱలేదు. వెళ్లునప్పుడు దంపతు లిద్దఱును వెళ్లవలెను. సంతానము లేని దంపతులలో దాదాపు సగముమందికి పురుషునివైపున కూడ కారణముండును. అతని పరీక్ష సులభము. స్త్రీకి శస్త్రచికిత్సలు చేయింపకముందే దానిని చేయింపవలెను. అత్తగార్లారా, కోడలి నొక్కతెనే నిందించుట న్యాయమా?

మా పొరుగింటి కోడలు మూఁడు నెలలు పుస్తకమున దినములు వ్రాసికొన్నది. భర్త దానిని జూచి సెలవు దినములు మార్చుకొన్నాఁడు. ఏడాది దాఁటినది గనుక ఇద్దఱును వైద్యపరీక్షకు వెళ్లివచ్చిరి. ఆ పుస్తకమును మొదట చదివించుకొన్నది అత్తగారే. “ఇన్నాళ్లును తప్పు లెక్క చెప్పినది నేనేనమ్మా” అని యామె కోడలి చేయి పట్టుకొన్నదట. ఫలము దైవాధీనము. ఆ యింట మాటలు మాత్రము మఱల మొదలైనవి.