లారీ ఎక్కిన రంగు

"అరే, ఒంటికి పోతే నారింజ రంగు వస్తుందిరా. కామెర్లు గిట్ల అయినయా ఏంది?"

పోయిన సెమిస్టర్‌లో ఒక రాత్రి బోధన్ నుంచి మా తాత ఫోన్. ఆ రోజు పొద్దున నిజామాబాద్‌లో ఆయనకు కంటి యాంజియోగ్రఫీ చేశారు. చేతి నరంలోకి ఏదో రంగు మందు ఎక్కించారట. దానివల్ల ఇలా అవుతుందా? నాకూ తెలియదు. "కనుక్కుని చెప్తా తాతా" అని ఫోన్ పెట్టేసి చదవడం మొదలుపెట్టాను.

మా బోధన్‌లో షుగర్ అంటే రెండు అర్థాలు. ఒకటి శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్ ఫ్యాక్టరీ. తాత అక్కడే పనిచేసి రిటైరయ్యాడు. అది 2015లో మూతపడింది. రెండోది జబ్బు. అది మాత్రం ఇంటింటా నడుస్తూనే ఉంది.

తాతకు ఎక్కించిన రంగు పేరు ఫ్లోరెసీన్. 1871లో అడాల్ఫ్ ఫాన్ బేయర్ అనే జర్మన్ శాస్త్రవేత్త తయారుచేశాడు. దీని మీద సుమారు 490 నానోమీటర్ల నీలం వెలుగు పడితే 520 దాటిన ఆకుపచ్చ వెలుగు తిరిగి ఇస్తుంది. తీసుకున్న శక్తిలో కొంత వేడిగా పోతుంది కాబట్టి రంగు మారుతుంది. కెమెరాలో ఒక ఫిల్టర్ నీలాన్ని మాత్రమే కంట్లోకి పంపిస్తుంది, ఇంకోటి ఆకుపచ్చను మాత్రమే బయటికి రానిస్తుంది. అంటే మన భాషలో మాస్కింగ్ హార్డ్‌వేర్‌లోనే అయిపోతుంది. ఫోటోలో రంగు ఉన్నచోటే వెలుగు కనిపిస్తుంది.

అసలు కథ రక్తంలో ఉంది. మన రక్తంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. లివర్ తయారుచేస్తుంది. నా చిన్నప్పుడు సీజన్‌లో బోధన్ రోడ్డు మీద వరుసకట్టిన చెరకు లారీలను గుర్తుచేసుకుంటే అల్బుమిన్ అర్థమైపోతుంది. దాని పని మోయడమే. కొవ్వు ఆమ్లాలు, మందులు, ఏది దొరికితే అది మోస్తుంది. దాని మడతల్లో నీళ్లకు దూరంగా ఉండే గుంటలు ఉంటాయి. రంగు అణువులోని బల్లపరుపు భాగం అందులో కూర్చుంటుంది. గట్టి రసాయన బంధం కాదు, ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. ఏ క్షణంలో చూసినా దాదాపు 80 శాతం ఫ్లోరెసీన్ లారీల మీద, 20 శాతం కాలినడకన ఉంటుంది. అల్బుమిన్ బరువు ఫ్లోరెసీన్‌కు 200 రెట్లు. అందుకే ఎవరు లారీ మీద ఉన్నారు, ఎవరు నడుస్తున్నారు అన్నదే ముఖ్యం.

ఆరోగ్యంగా ఉన్న రెటీనా రక్తనాళాల గోడల్లో కణాలు ఎంత బిగుతుగా ఉంటాయంటే, లారీ కాదు కదా, నడిచేవాళ్లు కూడా బయటికి పోలేరు. షుగర్ ఏళ్ల తరబడి ఉంటే ఆ గోడలు దెబ్బతింటాయి. కొన్నిచోట్ల బుడిపెలు వస్తాయి, కొన్నిచోట్ల నాళాలు మూసుకుపోతాయి. రంగు ఎక్కించిన 10-15 సెకన్లలో కంటికి చేరుతుంది. లీకైన చోట వెలుగు మచ్చ నిమిషాలు గడిచేకొద్దీ పెరుగుతుంది. మూసుకుపోయిన చోట నల్లగానే ఉండిపోతుంది.

ఈ పద్ధతిని కనిపెట్టింది పెద్ద ప్రొఫెసర్లు కాదు. అమెరికాలోని ఇండియానా యూనివర్సిటీలో నోవోట్నీ, ఆల్విస్ అనే ఇద్దరు వైద్య విద్యార్థులు. వాళ్ల పేపర్‌ను ఒక కంటివైద్య జర్నల్ వద్దంది. చివరికి 1961లో గుండె, రక్తప్రసరణకు సంబంధించిన 'సర్క్యులేషన్' జర్నల్‌లో అచ్చయింది. రిజెక్ట్ అయిన మన ప్రాజెక్టులకు కాస్త ఊరట!

ఇంకో రంగు ఉంది, ఇండోసయనైన్ గ్రీన్. ఇది దాదాపు 98 శాతం ప్రొటీన్ల మీదే ప్రయాణిస్తుంది. నీళ్లలో 780 నానోమీటర్ల దగ్గర వెలుగును పీల్చుకునేది, ప్రొటీన్ ఎక్కగానే 805 దగ్గరికి జరుగుతుంది, వెలుగూ పెరుగుతుంది. ఆ పరారుణ కాంతిని కంటిలోని నల్లటి పొర ఎక్కువగా ఆపలేదు. అందుకే రెటీనా వెనకున్న కోరాయిడ్ చూడటానికి దీన్ని వాడతారు. అక్కడి నాళాలకు సహజంగానే చిన్న కిటికీలు ఉంటాయి. నడిచే ఫ్లోరెసీన్ వాటిలోంచి బయటికొచ్చి అంతా మసకగా చేస్తుంది. లారీ దిగని ఈ రంగు చాలావరకు లోపలే ఉంటుంది.

ఇప్పుడు రంగు అవసరం లేని ఓసిటీ యాంజియోగ్రఫీ కూడా వచ్చింది. వెంటవెంటనే తీసిన స్కాన్‌ల మధ్య తేడాను లెక్కగట్టి రక్తం ఎక్కడ కదులుతోందో చెప్తుంది. పూర్తిగా మన సబ్జెక్టే. కానీ కదలికే చూస్తుంది కాబట్టి లీకును చూపించలేదు.

మరి తాత ప్రశ్న? కిడ్నీ జల్లెడలోంచి లారీ పట్టదు, నడిచేవాళ్లు పడతారు. వాళ్లు వెళ్లిపోయేకొద్దీ లారీ మీదున్నవాళ్లు దిగుతారు, వాళ్లూ వెళ్లిపోతారు. ఒకటి ఒకటిన్నర రోజులో దాదాపు అంతా మూత్రంలోనే పోతుంది. తెల్లారి ఫోన్ చేసి, "కామెర్లు కాదు తాతా, కంట్లో తిరిగిన రంగే బయటికొస్తుంది" అని చెప్పాను. "ముందే చెప్తే రాత్రి నిద్ర పట్టేది కదరా" అన్నాడు.

రిపోర్టులో ఎడమ కంట్లో లీకులు కనిపించాయి. లేజర్ చేశారు. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నదాన్ని కాపాడుకోవచ్చని డాక్టర్ చెప్పారు. రెండేళ్లుగా ఆయన అద్దాలు మార్చాలి అనుకుంటూ గడిపేశాడు. మేమూ అదే అనుకున్నాం.

ఈ సెలవులకు ఇంటికి వెళ్తే, షుగర్ ఉన్నవాళ్లను రెటీనా చూపించుకున్నారా అని అడగండి. ఏడాదికోసారి చుక్కలు వేసి చూపిస్తే లోపలి మార్పులు ముందే తెలుస్తాయి. రంగు ఎక్కించాలా వద్దా అన్నది డాక్టర్ చూసుకుంటారు. కొందరికి కాసేపు వికారంగా ఉంటుంది, చాలా అరుదుగా తీవ్రమైన అలర్జీ రావచ్చు, కాబట్టి పాత అలర్జీలు ఉంటే ముందే చెప్పాలి. రంగు ఎక్కిస్తే మాత్రం, మూత్రం నారింజ రంగులో వస్తుందని ఆ పెద్దమనిషికి ముందే చెప్పండి.