లెక్కకు రాని శ్రమ – సాగు వ్యయంలో మహిళా రైతు పని

రాయలసీమలో వేరుశనగ విత్తే కాలానికి ముందు విత్తన కాయలను చేతితో ఒలిచి, పగిలిన గింజలను, ముడుచుకున్న గింజలను ఏరివేయడం ఎక్కువగా స్త్రీలు చేసే పని. ఈ పనిని కూలి ఇచ్చి చేయించినట్లయితే అది సాగు ఖర్చుగా నమోదవుతుంది. ఇంటి ఇల్లాలు వంట ముగించి, అరుగు మీద కూర్చొని అవే కాయలు ఒలిచినట్లయితే అది తరచుగా 'ఇంటి పని' క్రిందకు పోతుంది. గింజ మారలేదు, శ్రమ మారలేదు. మారినది కూలి చెల్లింపు మాత్రమే.

పనికి నిర్వచనం

1993 నాటి జాతీయ ఖాతాల అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం కుటుంబం తన వినియోగానికి ఉత్పత్తి చేసుకొనే వస్తువులు ఉత్పత్తి పరిధిలోకి వస్తాయి. వేతనం లేకుండా కుటుంబ సభ్యులకు చేసే వంట, శిశు సంరక్షణ వంటి సేవలు ఆ పరిధికి వెలుపల ఉంటాయి. 2013లో జరిగిన 19వ అంతర్జాతీయ కార్మిక గణాంకవేత్తల సమావేశం ఈ సేవలను కూడా 'పని'గా గుర్తించి, వేతనం లేదా లాభం కొరకు చేసే పనిని మాత్రమే 'ఉపాధి'గా వేరుచేసింది.

మన దేశంలోని శ్రామిక సర్వేలలో కుటుంబ వ్యవసాయంలో వేతనం లేకుండా సహాయపడే వ్యక్తికి 21వ సంకేతం, కేవలం ఇంటి పనులు చేసే వ్యక్తికి 92వ సంకేతం ఇస్తారు. మొదటి వ్యక్తి శ్రామికురాలు. రెండవ వ్యక్తి శ్రామిక శక్తిలో లేనట్లే. "ఆమె ఇంట్లోనే ఉంటుంది" అని ఇంటి యజమాని చెప్పే ఒక్క మాటతో మహిళా రైతు మొదటి వరుస నుండి రెండవ వరుసకు జారిపోగలదు. 2019 జాతీయ కాల వినియోగ సర్వేలో వేతనం లేని గృహ సేవలలో పాల్గొన్న స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పాల్గొన్న పురుషులు 97 నిమిషాలు వాటికి వెచ్చించినట్లు తేలింది.

ధరతో ముడిపడిన లెక్క

ఈ అంశం గణాంకాలకే పరిమితమైనది కాదు. కనీస మద్దతు ధరకు ఆధారమైన వ్యయంలో రైతు చెల్లించిన ఖర్చులతో పాటు కుటుంబ శ్రమకు కూలి రేట్ల ఆధారంగా కట్టిన విలువ కూడా చేరి ఉంటుంది. 2018-19 నుండి ఈ మొత్తానికి కనీసం ఒకటిన్నర రెట్లు ధర నిర్ణయించడం విధానంగా ఉన్నది. కావున నమోదు కాని ప్రతి గంట సాగు వ్యయాన్ని తక్కువ చేసి చూపుతుంది. వంట, పిల్లల పెంపకం పంట ఖర్చు కావు. అయినను అవి పనియే. విత్తనం ఏరడం, పంట ఆరబెట్టడం, పశువులకు మేత కోయడం మాత్రం నిస్సందేహంగా వ్యవసాయ పనులే.

విస్తరణ రంగానికి సూచనలు

'ఖర్చు లేనివి'గా ప్రచారం పొందే పద్ధతులను కూడా ఈ దృష్టితో పరిశీలించాలి. ఉదాహరణకు ఎకరాకు సరిపడు జీవామృతం తయారీకి 200 లీటర్ల నీరు, 10 కిలోల పేడ, మూత్రం, బెల్లం, పప్పు పిండి సమకూర్చి, 48 గంటల పాటు మధ్యమధ్య కలియబెట్టాలి. నగదు ఖర్చు తగ్గిన మాట వాస్తవమే. అయితే ఆ నీరు మోసినది ఎవరు, పేడ ఎత్తినది ఎవరు, అందుకు ఎన్ని గంటలు పట్టినది అనే వివరాలు లేని ఆదాయ వ్యయ పట్టిక అసంపూర్ణమైనది. శ్రమ భారం పెరిగినచో పద్ధతి మంచిదైనను కుటుంబం దానిని విడిచిపెట్టవచ్చును.

క్షేత్ర ప్రదర్శనలలో స్త్రీ, పురుషుల పని గంటలను విడివిడిగా నమోదు చేయాలి. "మీరు పని చేస్తారా?" అని కాక "నిన్న ఉదయం లేచినప్పటి నుండి ఏమేమి చేశారు?" అని మహిళా రైతునే నేరుగా అడగాలి. శిక్షణా సమయాలను ఆమె పనివేళలను బట్టి నిర్ణయించాలి. విద్యార్థులు తమ సర్వే పత్రాలలో 'గృహిణి' అని వ్రాయడానికి ముందు ఈ ప్రశ్న అడిగినట్లయితే, ఆ పత్రంలోని సాగు వ్యయం వాస్తవానికి మరింత చేరువవుతుంది.