వేరుకు దారి ఇవ్వని పొర

చిత్తూరు దగ్గరి కాణిపాకాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. బాహుదానది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో వరసిద్ధి వినాయకుడు బావిలోనే వెలసి ఉన్నాడు. 'కాణి' అంటే మాగాణి నేల, 'పారకం' అంటే నీరు పారడం. ఆ రెండు మాటలూ కలిసి కాణిపాకం అయిందని స్థలపురాణం చెబుతుంది. నీరున్న చోటికి మనుషులే కాదు, వేళ్లు కూడా చేరతాయి. మన పల్లెల్లోని పాత రాతికట్టు బావులను చూడండి. రాళ్ల సందుల్లో తరచు ఒక రావిమొక్క కనిపిస్తుంది. పక్షి రెట్టలో పడిన గింజ అది. పైపైన తుంచితే లాభం లేదు, మళ్లీ చిగురిస్తుంది.

అంత మెత్తని వేరు రాతిగోడలోకి ఎట్లా దూరింది? అది గోడను తొలుస్తుందని కొందరు అనుకుంటారు. అది నిజం కాదు. చెమ్మ ఉన్న సన్నని సందును వెదుక్కొని అందులోకి పోతుంది. వేరు కొసకు టోపీ వంటి తొడుగు, దానిమీద జిగురు ఉంటాయి. వెనుకనున్న కణాలు నీరు పీల్చి ఉబ్బి, ఆ కొసను ముందుకు నెడతాయి. ఆ తోపుడు చదరపు సెంటీమీటరుకు సుమారు 10 కిలోల బరువంత ఉండవచ్చు! లోపలికి పోయాక వేరు లావెక్కుతుంది. అప్పుడు గోడ విచ్చుకుంటుంది.

రాయలసీమలోని మట్టిమిద్దెలపై మన పెద్దలు చౌడుమన్ను పరిచేవారు. చౌడులో సోడియం ఉప్పులు ఎక్కువ. తడవగానే అందులోని సన్నని రేణువులు విడిపోయి, రంధ్రాలను పూడ్చివేస్తాయి. వాననీరు కిందికి దిగదు. ఆ ఉప్పువల్లనే గడ్డి కూడా అక్కడ సులభంగా మొలవదు. ఒకే మన్ను ఇటు నీటికీ, అటు వేరుకూ అడ్డం నిలిచిందన్నమాట.

నేడు సిమెంటు మిద్దెలమీద మట్టి పోసి తోటలు పెంచుతున్నారు. మట్టికింద నీరు దిగకుండా తారుపొర వేస్తారు. కాని మామూలు తారు మెత్తన; నీటిని ఆపినా, వేరు మెల్లగా దానిలోకి చొచ్చుకొని పోగలదు. అందుకే కొన్ని పొరలలో పలుచని రాగిరేకు పెడతారు. కొన్నిటిలో వేళ్లు పెరగకుండా మందు కలుపుతారు. మరికొన్ని దళసరి ప్లాస్టిక్ పొరలు. వాటి అతుకులను వేడితో కరిగించి కలుపుతారు. వేరు మొదట వెదికేది ఆ అతుకునే!

ఐరోపాలో ఇటువంటి పొరను ఎట్లా పరీక్షిస్తారో వినండి. పెట్టెలో పొరను అతుకులతో సహా పరచి, పైన మట్టి పోసి, పైరకాంత అనే ముళ్లపొదను నాటుతారు. పొర కింద తడి ఉంచుతారు. అది వేరుకు ఎర! రెండేళ్ల తరువాత ఒక్క వేరు పొరను దాటి కనిపించినా ఆ పొర తప్పినట్లే.

మందు కలిపిన పొరలను నేనంతగా మెచ్చను. ఆ మందు వాననీటిలో కొట్టుకొని వస్తున్నదని స్విట్జర్లండు శాస్త్రజ్ఞులు 1998లో చూపారు. మిద్దెనీటిని తొట్టిలో పట్టుకొని వాడుకునే కరువుసీమకు ప్లాస్టిక్ పొరే మేలు.

మీ ఇంట మిద్దెతోట వేయబోతున్నారా? మట్టి పోయకముందే పొరమీద రెండురోజులు నీరు నిలగట్టి, కింది కప్పుకు చెమ్మ దిగుతున్నదేమో చూడమని నాన్నగారికి చెప్పండి. మట్టి పోశాక చెమ్మ కనబడితే, తోటనంతా తవ్విపోయవలసి వస్తుంది.